నూట యాభై మిగిలిపోయింది

సత్యవేణికి ఒకే ఒక్క అలవాటు ఉంది. మనిషి ఎదురుపడగానే నెత్తి నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, నంబరు చెప్పేస్తుంది. బాగున్నారా, పిల్లలెలా ఉన్నారు, అవన్నీ తర్వాత. ముందు నంబరు.

"రండి రండి. మీకు రెండొందల అరవై."

కొత్తపేట బస్టాండు వెనక సందులో ఆవిడ మొగుడు బుల్లబ్బాయికి టైలరింగు షాపుంది. జాకెట్టు కొలతలిద్దామని వచ్చిన ఆడవాళ్ళు ఆ మాట వినగానే గుమ్మంలోనే ఆగిపోయేవారు.

"జాకెట్టుకి రెండొందల అరవయ్యా! మొన్నటి దాకా ముప్పై అయిదే కదండీ?"

"అబ్బే, కుట్టుకూలి కాదండి, ఆవిడ చెప్పేది వేరండి" అంటూ బుల్లబ్బాయి మిషను తొక్కడం ఆపి లేచేవాడు. "మీరు విమానంలోంచి దూకేరనుకోండి..."

"నేనెందుకు దూకుతానండీ?"

"దూకరండి. ఒకవేళ దూకితే గనక, మీరు దిగడానికి రెండొందల అరవై చదరపు అడుగుల గొడుగు కావాలని ఆవిడ లెక్కండి."

"గొడుగు కాదండీ, రెక్క" అని లోపల్నుంచి సత్యవేణి సవరించేది.

వచ్చినావిడ ఆ గొడుగునీ రెక్కనీ పట్టించుకోకుండా, తనని లావని అన్నారా సన్నమని అన్నారా తేల్చుకోలేక, జాకెట్టు గుడ్డ చంకలో పెట్టుకుని ఎదురు షాపుకి పోయేది. అలా ఎన్ని జాకెట్లు పోయాయో బుల్లబ్బాయి లెక్కపెట్టడం మానేశాడు.

ఈ పిచ్చి ఆవిడకి కొత్తపేటలో అంటుకున్నది కాదు. తొంభై అయిదులో, తాటాకింటి మీద స్లాబు వేసుకుందామని, సత్యవేణి గల్ఫు వెళ్ళింది. మొగుడి కన్నా ఆవిడ చెయ్యే కుట్టులో సన్నం. అది బుల్లబ్బాయే ఒప్పుకున్న మాట. అందుకని ఆయన షాపునీ, తల్లి బుజ్జమ్మనీ చూసుకుంటూ ఉండిపోయాడు, ఆవిడ విమానం ఎక్కింది. అక్కడి టైలరింగు షాపులో రాజోలు వైపు నుంచి వచ్చిన పేతురని ఒక పెద్ద కటింగు మాస్టరుండేవాడు. ఆయన ఓ ఏడాదికి ఊరి బయట ఎడారిలో ఉన్న ప్యారాచూట్ల క్లబ్బులో పనికి కుదిరి, ఈవిడని కూడా తీసుకెళ్ళాడు. చిరిగిన ప్యారాచూట్లకి మాసికలు వెయ్యడం, దూకేవాళ్ళ దుస్తులు కుట్టడం, ప్యారాచూట్లు మడిచి సంచుల్లో సర్దడం పని.

ఒకరోజు ఆ క్లబ్బు కోచ్, స్పెయిన్ దేశస్థుడు, నవ్వులాటకి అడిగాడు. "నువ్వు మడిచినదాంట్లో నువ్వు దూకుతావా?"

అది తన పనితనం మీద వేసిన నింద అనుకుంది సత్యవేణి. "నేను కుట్టిన జాకెట్టు నేనేసుకోనా ఏంటండీ? దూకుతాను" అంది. పేతురు దాన్ని ఇంగ్లీషులోకి మార్చేలోపే ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కోచ్ ఇచ్చిన దుస్తులు తొడుక్కోవడానికి చాటుకి వెళ్ళిపోయింది.

శిక్షణ అయ్యాక ఆ వారమే దూకింది. ఆ సాయంత్రం ఎస్టీడీ బూత్‌లో బుల్లబ్బాయికి ఫోను.

"ఏవండీ, ఈవేళ పదివేల అడుగుల మీంచి దూకేనండి."

"ఎవరింటి మేడే అది!" అని బుల్లబ్బాయి కేక పెట్టి, ఫోను అక్కడే వదిలేసి, ఏడుస్తూ ఇంటికి పరిగెత్తాడు. బుజ్జమ్మ చేపలు తోముతోంది.

"చెయ్యి విరిగిందంటా?"

"లేదంటమ్మా."

"కాలు?"

"లేదంట."

"మరి ఏడుస్తావేంట్రా? దూకింది, దిగింది. ఉప్పందుకో."

అలా మొదలైంది. మొదట రెండొందల ఎనభై అడుగుల ప్యారాచూట్ మీద దిగింది. అది పెద్ద రెక్క. పళ్ళబుట్టని నెత్తి మీంచి దింపినట్టు మనిషిని నెమ్మదిగా దింపుతుంది, తప్పు చేసినా మన్నిస్తుంది. దాని మీద మెత్తగా దిగడం చేతికొచ్చాక కాస్త చిన్నది, అది వచ్చాక ఇంకా చిన్నది. రెక్క చిన్నదయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది, మన్నింపు తగ్గుతుంది. ఎడాపెడా ఊపకూడదు, నేల దగ్గరికొచ్చాక రెండు చేతుల్లోని పట్టీలు సరిగ్గా అదనులో కిందికి లాగాలి. ముందు లాగితే గాల్లో ఆగి దబ్బుమని పడతారు, ఆలస్యమైతే నేలే వచ్చి గుద్దుకుంటుంది. అదను కుదిరిందా, మనిషి నేలకి జానెడు ఎత్తున, అలా తేలుతూ జారుకుంటూ పోయి, నడిచి దిగిపోవచ్చు.

"అలా జారడమేనండి అసలు ఎగరడం" అనేది సత్యవేణి. "మిగతాదంతా పడిపోవడమే."

రెండొందల ముప్పై, నూట తొంభై, నూట డెబ్భై దాకా వచ్చింది. చివరికి కోచ్ ఆవిడ కోసం నూట యాభై తీసి బల్ల మీద పెట్టాడు. నీలం రంగుది, అంచులకి పసుపు పట్టీ. ఆ వారమే కొత్తపేట నుంచి కబురు. బుజ్జమ్మ బావి గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుందని. సత్యవేణి ఆ నీలం గుడ్డని ఒకసారి నిమిరి, మర్నాడు విమానం ఎక్కేసింది. అది రెండువేల రెండు.

బుజ్జమ్మ తుంటి అతుక్కుంది. ఇంటికి స్లాబూ పడింది. కానీ మధ్యలో ఏ కూరో తరుగుతూ, ఏ గుండీయో కుడుతూ చెయ్యాపి సత్యవేణి ఒక్క నిట్టూర్పు విడిచేది.

"ఏమైందే?"

"ఏం లేదండి. నూట యాభై మిగిలిపోయింది."

ఆ మాట వింటే బుల్లబ్బాయి కత్తెర పక్కన పెట్టేసేవాడు. ఏడేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న పెళ్ళాం, పక్కనే కూచుని, ఇక్కడ లేనట్టుండేది. సాయంత్రం షాపు కట్టేసి సైకిలు వెనక కూచోబెట్టుకుని కాలవగట్టు మీద తీసుకొస్తుంటే, చేలో వాలే కొంగల్ని చూసి ఆపమనేది.

"చూడండి, చూడండి. కాళ్ళు ముందుకి జాపింది. ఇప్పుడు రెక్క వంచుతుంది. ఆ... వంచింది! ఎంత బాగా దిగిందండీ!"

"కొంగేనే అది. రోజూ దిగుద్ది."

"అదేనండి" అనేది ఆవిడ, చేను వైపే చూస్తూ. "రోజూ దిగుద్ది."

డాబా మీద చీరలు ఆరేసేటప్పుడు నైలాను చీర చేతికొస్తే ఇక ఆ రోజు మిగతా బట్టలు తడిగా ఉండాల్సిందే. రెండు కొసలు పట్టుకుని గోదారి గాలికి ఎదురుగా నిలబడేది. చీర బుస్సున పొంగేది. "పీల్చుకుంటోంది చూడండి" అని నవ్వేది. నవ్వు సగంలో ఉండగానే గాలి తగ్గేది. చీర కూలబడేది. బుల్లబ్బాయి మెట్ల మీద నిలబడి అదంతా చూసి, చప్పుడు చెయ్యకుండా కిందికి దిగిపోయేవాడు.

ఇక నంబర్ల గొడవ. ఆ నంబర్లలో ఒక వరసా పద్ధతీ ఉంటే బావుండేది. తొంభై కేజీల బుజ్జమ్మకి చూడగానే నూట తొంభై అంది. కొబ్బరితోటల వెంకటరాజు గారు బారెడు మీసాలతో, కంచుగొంతుతో షాపుకొస్తే, వెదురుబొంగులా ఉన్న ఆయన్ని పట్టుకుని, "మీకు రెండొందల తొంభై అండి" అంది.

"ఏంటీ! బుజ్జమ్మకి నూట తొంభై, నాకు రెండొందల తొంభయ్యా? నేను అరవై రెండు కేజీలు కూడా లేను!"

"ఆయ్. అయినా మీకు రెండొందల తొంభయ్యేనండి."

"బుల్లబ్బాయ్, మీ ఆవిడకి కాటా చూడ్డం రాదయ్యా!"

"రాదండి" అని బుల్లబ్బాయి ఒప్పేసుకున్నాడు. ఎందుకంటే అందరికన్నా పెద్ద అన్యాయం ఆయనకే జరిగింది. ముక్కాలుపీటతో సహా తూచినా యాభై కేజీలు తూగని బుల్లబ్బాయికి ఆవిడిచ్చిన నంబరు మూడొందలు.

"మూడొందలేంటే? రెక్కా, పెళ్ళిపందిరా?"

"మీకు అంతే కావాలండి" అనేసి, సూదిలో దారం ఎక్కించుకునేది.

దీనికి తోడు కాళ్ళకి చక్రాలు. వెంకటరాజు గారింటికి నాలుగు రోజులకోసారి ఏదో వంకన వెళ్ళేది. తాము కుట్టని లాల్చీకి కూడా గుండీలు ఊడిపోయాయేమో చూడాలనేది. పక్కింటి ఎలీసమ్మకి రెండొందల ఎనభై అని చెప్పిన వారానికే ఆవిడతో కాకినాడ కంటాసుపత్రికి పోయింది. షాపులో పెళ్ళిజాకెట్లు గుట్టపడి ఉంటే, ఆపరేషను గది బయట బల్ల మీద కూచుని వచ్చింది. ఆ కోపంలో బుల్లబ్బాయి ఒక పెళ్ళికూతురి జాకెట్టుకి రెండూ కుడిచేతులే కుట్టాడు.

రెండువేల అయిదు శీతాకాలంలో పేతురు ఫోను చేశాడు. క్లబ్బులో చలికాలం రెండు నెలలూ పని ఎక్కువ. మాసికలకి మనిషి కావాలి. వస్తే వీసా వాళ్ళే చూసుకుంటారు.

"కోచ్ ఆ నీలందాన్ని ఎవరికీ ఇవ్వలేదమ్మా. ఇంకా నీ పేరే ఉంది దాని మీద."

సత్యవేణి ఫోను పెట్టేసి, "కుదరదని చెప్పేనండి. అత్తయ్యనెవరు చూస్తారు?" అంది.

బుజ్జమ్మ మంచం మీంచే కేకేసింది. "నేనేమన్నా చంటిపిల్లనా? నీ నిట్టూర్పులకి ఈ ఇంట్లో పప్పు ఉడకట్లేదు కోడలుపిల్లా! ఎళ్ళి ఆ నూట యాభై ఏదో దిగేసి రా. నన్ను ఎలీసమ్మ చూసుకుంటుంది. ఒరే, నువ్వు కూడా ఆఖర్లో ఎళ్ళి దీన్ని తీసుకురా. నువ్విక్కడ కూచుని కిటికీ చువ్వలు లెక్కెడతావు, నాకు తెలుసు."

"ఎళ్ళిరా" అన్నాడు బుల్లబ్బాయి. ఈసారి వెళ్తే తిరిగి రాదని ఆయనకి ఎందుకో గట్టిగా అనిపించింది. అయినా పెట్టె కట్టింది ఆయనే.

నెలన్నర తర్వాత, పూతరేకుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, జన్మలో మొదటిసారి విమానం ఎక్కి, దారిపొడుగునా కళ్ళు మూసుకుని, బుల్లబ్బాయి ఎడారిలో దిగాడు. క్లబ్బులో పేతురు ఎదురొచ్చి కావలించుకున్నాడు. సత్యవేణి దూరం నుంచి చూసి పరిగెత్తుకొచ్చింది. చీరలో లేదు. ఆ దుస్తుల్లో, నెత్తికి గుడ్డ కట్టుకుని, పదేళ్ళు చిన్నదైపోయినట్టుంది.

"దిగేవా?" అన్నాడు మొట్టమొదట.

"లేదండి. నూట డెబ్భై మీదే మళ్ళీ చెయ్యి కుదుర్చుకోమన్నాడు కోచ్. కుదిరింది. ఇక గాలి కుదరాలి."

వారం పాటు గాలి కుదరలేదు. పొద్దున్నే లేచి ముగ్గురూ కర్రకి కట్టిన గాలిగుడ్డ వైపు చూడ్డం, అది టపటపా కొట్టుకోవడం, కోచ్ తల అడ్డంగా ఊపడం. ఒకనాడు గాలిగుడ్డ సద్దుమణిగింది. కోచ్ బొటనవేలెత్తాడు. సత్యవేణి నీలం రెక్కని బల్ల మీద పరిచి, ముడతముడతా సర్ది, సంచిలో మడిచింది.

అప్పుడే షెడ్డు మూల కూచున్న పిల్ల కనబడింది. అనురాధ అని, అమలాపురం అమ్మాయి, అక్కడి ఆసుపత్రిలో నర్సు. శిక్షణ అంతా అయింది. ఎవరూ పట్టుకోకుండా తనంతట తను దూకడం ఆవేళే మొదలు. హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని, అందరితో నవ్వుతూ గలగలా మాట్లాడుతోంది.

సత్యవేణి ఆ పిల్లని నెత్తి నుంచి కాళ్ళ దాకా చూసింది. "నీకు మూడొందలమ్మా" అంది.

కోచ్ ఒప్పుకోలేదు. పూచికపుల్ల లాంటి పిల్ల, రెండొందల ముప్పై చాలన్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో సత్యవేణి ఆయనతో దెబ్బలాడింది. గాలి ఎంతుందో, ఎంత ఉండబోతోందో చేతులు తిప్పి చూపించింది. చివరికి ఆయనే విసుగెత్తి, ఈ గాలిలో ఫరవాలేదులే అని, ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది తీయించాడు. సత్యవేణి నూట యాభై సంచిని బల్ల కిందికి తోసేసి, తన కోసం రెండొందల ఎనభై భుజాలకి తగిలించుకుంది.

"అదేంటే! నీ నూట యాభై?"

"ఎక్కడికీ పోదండి అది" అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని విమానం వైపు నడిచింది.

బుల్లబ్బాయికి అరికాళ్ళ నుంచి మంటెత్తింది. "చూసేరా పేతురుగారూ! మూడేళ్ళు దాని కోసం నిట్టూర్చి, తీరా గాలి కుదిరిన రోజు... పైగా ఆ సన్నటి పిల్లకి మూడొందలంట! దీనికి కాటా చూడ్డం వస్తేనా?"

పేతురు ఆయన వైపు వింతగా చూశాడు. "కాటా ఏంటండీ? ఆవిడ చెప్పేది బరువుని బట్టి అనుకుంటున్నారా మీరు?"

"మరి?"

"భయాన్ని బట్టండి. బరువుకి ఎంత కావాలో మేమందరం చెబుతాం, చార్టుంది. పైకి నవ్వుతూ లోపల ఎవరు ఒణికిపోతున్నారో ఆవిడకే తెలుస్తుంది. అలాంటోళ్ళకి రెక్క పెద్దది చేయించి, తను కూడా పెద్దది తగిలించుకుని, పక్కనే ఎగురుతుందండి. చిన్న రెక్క మీదుంటే ఆవిడ ముందే నేల మీదికి వచ్చేస్తుంది కదా, వాళ్ళు పైన ఒంటరిగా మిగిలిపోతారు. రెండువేల రెండు దాకా ఎందుకండీ, అంతకి మూడేళ్ళ ముందే నూట యాభై దిగాల్సిన మనిషి. ఎవరో ఒకరు భయపడుతూనే ఉండేవారు మరి."

బుల్లబ్బాయి ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. కంచుగొంతు వెంకటరాజు గారు, ఆవిడ రెండొందల తొంభై చెప్పిన నెల్లోనే, ముందు ఎవరికీ చెప్పకుండా, గుండె ఆపరేషనుకి హైదరాబాదు వెళ్ళొచ్చారు. గుండీలు చూసే వంకతో ఆవిడ ఎందుకు వెళ్ళేదో, కాకినాడ బల్ల మీద ఎందుకు కూచుందో ఇప్పుడు అర్థమైంది. అడిగితే ఎప్పుడూ చెప్పలేదు. భయమున్నవాళ్ళకి భయమని పేరు పెట్టి చెప్పకూడదు కదా, అందుకని నంబరు చెప్పేది.

పైన ఆకాశంలో రెండు రెక్కలు విచ్చుకున్నాయి. ఒకటి ముందు, ఒకటి వెనక. తల్లికోడి వెనక పిల్లలా, మలుపు దగ్గర మలుపు తిరుగుతూ, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా దిగాయి. అనురాధ ఇసకలో చతికిలబడి, తనని తాను తడిమి చూసుకుని, ఏడుస్తూ పకపకా నవ్వింది. సత్యవేణి పక్కనే కూలబడి ఆ పిల్ల తలలోని ఇసక దులిపింది.

మధ్యాహ్నానికి గాలి మళ్ళీ లేచింది.

ఆ సాయంత్రం షెడ్డు బయట పూతరేకులు తింటూ బుల్లబ్బాయి అడిగాడు. "ఇంతకీ నాకు మూడొందలెందుకే?"

సత్యవేణి ఒళ్ళో రాలిన రేకుల పొడి దులుపుకుంది. "తొంభై అయిదులో నన్ను విమానం ఎక్కించినప్పుడు మీ మొహం మీరు చూసుకోలేదు కదండీ. నేను చూసేను. అప్పుడు పక్కనుండి దింపడానికి కుదరలేదు నాకు."

బుల్లబ్బాయి ఇంకో పూతరేకు విరిచి సగం ఆవిడకిచ్చాడు. "ఇప్పుడంత లేదులే" అన్నాడు.

"ఆయ్. తగ్గింది. తెలుస్తోంది" అంది ఆవిడ.

ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం విమానానికి పెట్టెలు కట్టేశారు. తెల్లారి చూస్తే గాలిగుడ్డ నిద్రపోతున్న పిల్లాడి చెయ్యిలా కిందికి వాలి ఉంది. షెడ్డులో భయపడేవాళ్ళెవరైనా ఉన్నారేమోనని బుల్లబ్బాయి ముందే వెళ్ళి అందరి మొహాలూ పరీక్షగా చూసొచ్చాడు. ఎవరూ లేరు. ఉన్నది తనొక్కడే. మొహం మీద నవ్వు పులుముకుని నిలబడ్డాడు.

విమానం చుక్కంతయింది. చుక్కలోంచి ఇంకో చుక్క రాలింది. నీలం రెక్క పైన విప్పారింది. అది పెద్దవాటిలా తాపీగా ఊగలేదు. ఒక్క మలుపు తిరిగి, పొలం మీదికి డేగ వాలినట్టు విసురుగా కిందికొచ్చింది. బుల్లబ్బాయి పేతురు భుజం కరిచినంత పనిచేశాడు. నేల ఇంక వచ్చి గుద్దుకుంటుందనగా సత్యవేణి రెండు చేతులూ కిందికి లాగింది. అంతే, ఆ పడడమంతా జారడమైపోయింది. కాళ్ళు ముందుకి జాపుకుని, నేలకి జానెడు ఎత్తున, ఇసక మీద తన నీడని తనే తరుముకుంటూ, వాళ్ళ ముందు నుంచి సర్రున సాగిపోయి, అల్లంత దూరాన నాలుగడుగులు పరిగెత్తి నిలబడింది. నీలం గుడ్డ వెనక మెల్లగా కూలబడింది.

బుల్లబ్బాయి పరిగెత్తాడు. ఆవిడ ఇసకలో కూచుని ఉంది, హెల్మెట్టు తీసి పక్కన పెట్టి.

"దెబ్బ తగిలిందా?"

తల అడ్డంగా ఊపింది. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"ఎన్నేళ్ళు అనుకున్నానండీ దీని కోసం! రెప్పపాటులో అయిపోయింది."

"అయిపోయింది కదా మరి. ఇంకేం కావాలి?"

సత్యవేణి పైకి చూసింది. చూస్తూనే ఉంది.

"ఇంకో రెప్పపాటండి."

బుల్లబ్బాయి ఆవిడ మొహం చూశాడు. గాలిగుడ్డ వైపు చూశాడు. తర్వాత ఇసకలో దిగబడుతున్న చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాడు.

"పేతురుగారూ! ఓ పేతురుగారూ! మన విమానం సాయంత్రానికి కదండీ? ఈలోగా ఇంకో ట్రిప్పుందేమో కాస్త కనుక్కోండి బాబూ!"